బ్లాకు ఒకటే, ఉద్గారాల సామాను వేరు: ఈ ఇంజన్ ఎక్కించవచ్చా?

ఆరు చక్రాలు
మా ట్రక్కు యూరో 6 (యూరప్ ఉద్గార ప్రమాణం; అంకె పెరిగే కొద్దీ కఠినం) డీజిల్. కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చింది. ఇక దానికి మరమ్మతు లేదు. అదే కంపెనీ, అదే శ్రేణి, అదే సామర్థ్యం ఉన్న యూరో 5 ఇంజన్ ఒకటి మంచి స్థితిలో దొరికింది. మౌంటింగులు, గేర్‌బాక్సు సరిపోతాయి. అయితే దానికి పొగను మళ్లీ ఇంజన్‌లోకి తిప్పే ఈజీఆర్ లేదు, మసిని పట్టే డీపీఎఫ్ లేదు. యూరియా ద్రవంతో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఎస్‌సీఆర్ మాత్రం ఉంది. నా ఇంజన్‌కు మూడూ ఉండేవి. దాని ఈసీయూతో (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌తో) సహా అలాగే ఎక్కించమని ఒక మెకానిక్ అంటున్నారు. నా సామాను విప్పి దానికి బిగిద్దామని ఇంకొకరు. దాని జోలికే పోవద్దని మూడో ఆయన. మీరేమంటారు?

డీజిల్ బాటసారి
ఎక్కించేయండి. యూరో 5 ఏమీ పొగగొట్టం కాదు, ఒకప్పుడు అదే కొత్త ప్రమాణం. బాగున్న ఇంజన్‌ను తుక్కుకు పంపి ఇంకొకటి కొత్తగా పోత పోయిస్తే పర్యావరణానికి ఒరిగేది ఏమిటి? పైగా డీపీఎఫ్ పూడిపోయి దారిలో ఆగిపోయే బాధ తప్పుతుంది.

నాలుగో గేరు
బాటసారి గారూ, తుక్కు గురించి మీరన్నది కొట్టిపారేయలేను. కానీ అంకెలు చూడండి. భారీ ఇంజన్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు యూరో 5లో కిలోవాట్ గంటకు 2 గ్రాములు, యూరో 6లో 0.4. సగటున 100 కిలోవాట్ల శక్తితో గంటసేపు నడిచే ట్రక్కుకు ఇది 200 గ్రాములకు, 40 గ్రాములకు ఉన్న తేడా. మసి కణాల సంఖ్యకు కూడా హద్దు వచ్చింది యూరో 6తోనే. ఆ ట్రక్కు యూరో 6గా నమోదై ఉంది. కాగితం మీద ఒకటి, గొట్టంలో ఒకటి అయితే దాన్ని వాడుకలో ఇంజన్ మార్పిడి అనరు, మోసం అంటారు.

ఇక సామాను మార్చి బిగించే ఆలోచన. వినడానికి ఇదే న్యాయంగా ఉంటుంది, చిక్కంతా ఇందులోనే ఉంది. ఉద్గార నియంత్రణ అంటే బయట బోల్టులతో తగిలించిన డబ్బాలు మాత్రమే అనుకుంటున్నాం. పిస్టన్ తలమీది గిన్నె ఆకారం, కంప్రెషన్ నిష్పత్తి, ఇంజెక్టర్ రంధ్రాలు, గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో, ఇవన్నీ ఆ డబ్బాలతో లెక్క కుదిర్చి చేసినవే. ఈజీఆర్ ఉన్న ఇంజన్‌లో పొగ వెనక్కి మళ్లాలంటే ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి ఎక్కువ ఉండాలి. చాలా ఇంజన్లలో ఆ ఒత్తిడిని పుట్టించేది రెక్కలు కదిలే టర్బోనే. మీ యూరో 5 ఇంజన్‌కు మామూలు టర్బో ఉంటే మీ ఈజీఆర్ వాల్వు తెరుచుకున్నా పొగ సరిగా రాదు. ఈసీయూ మాత్రం వాల్వు తెరిచాను, లోపలికి వచ్చే గాలి తగ్గాలి అని ఎదురుచూస్తుంది. తగ్గదు. ముందు డాష్‌బోర్డు మీద దీపం, తర్వాత శక్తి కోత.

డీపీఎఫ్ సంగతీ అంతే. పట్టిన మసిని కాల్చాలంటే ఫిల్టర్ దగ్గర సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. అందుకు ఎగ్జాస్ట్‌లోకి కొంత డీజిల్ పంపాలి. అది సిలిండర్‌లో ఆలస్యంగా చల్లడం ద్వారానో, గొట్టంలో పెట్టిన విడి ఇంజెక్టర్ ద్వారానో జరుగుతుంది. ఆ ఏర్పాటు తెలియని ఈసీయూకు ఫిల్టర్ తగిలిస్తే కొన్నాళ్లకు ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది.

తీగల తాత
వైరింగ్ మాట ఎవరూ ఎత్తలేదేం? యూరో 5 ఈసీయూ పెడితే గేర్‌బాక్సు, బ్రేకులు, మీటర్లు పంపే సందేశాలకు అది సరైన జవాబు ఇస్తుందా? ఆటోమేటెడ్ గేర్‌బాక్సు గేరు మార్చే ముందు ఇంజన్‌ను టార్క్ (తిప్పే బలం) తగ్గించమని అడుగుతుంది. జవాబు రాకపోతే గేరే మారదు. దొంగతాళంలా పనిచేసి, సరైన తాళంచెవి లేకుంటే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ గొడవ సరేసరి.

డీజిల్ బాటసారి
ఈజీఆర్ లేకుండానే యూరో 6 సాధించిన ఇంజన్లు ఉన్నాయి గదా! ట్రక్కు కంపెనీల్లో ఇవెకో చేసింది, స్కానియా చేసింది. అలాంటప్పుడు ఈజీఆర్ లేదని ఈ ఇంజన్‌ను ఎందుకు తోసిపుచ్చాలి?

నాలుగో గేరు
మంచి ప్రశ్న. వాళ్లు ఈజీఆర్‌ను పీకేసి ఊరుకోలేదు. ఆ భారమంతా మోసేలా ఎస్‌సీఆర్‌ను రూపొందించారు, డీపీఎఫ్‌ను ఉంచారు, యూరియా మోతాదుకు కొత్త లెక్క రాశారు. ఈయన ట్రక్కులోని ఎస్‌సీఆర్ ఈజీఆర్ ముందే కొంత తగ్గించి పంపే వాయువుకు తగ్గట్టు చేసింది. దానికి రెట్టింపు పని ఇస్తే యూరియా చాలదు. మోతాదు పెంచితే మిగిలిన అమ్మోనియా గొట్టంలోంచి బయటికి వస్తుంది.

కొత్త క్లీనర్
పాత ట్రక్కులో కొత్త ఇంజన్ పెట్టడం కూడా ఇంతే తప్పా?

నాలుగో గేరు
కాదు. అటువైపు దారి తెరిచే ఉంది, పని మాత్రం ఎక్కువ. అమెరికాలోని కాలిఫోర్నియా నిబంధన సూటిగా ఉంటుంది: ఎక్కించే ఇంజన్ వాహనం తయారైన సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో కావాలి. దాని ఉద్గార పరికరాలన్నీ వెంట రావాలి. అంటే యూరియా ట్యాంకు, ఫిల్టర్ డబ్బా, సెన్సార్లు అన్నిటికీ ఛాసిస్ మీద చోటు చూడాలి. ఈజీఆర్ కూలర్ తన వేడిని రేడియేటర్ నీళ్లలోనే పోస్తుంది కాబట్టి పాత రేడియేటర్ చాలకపోవచ్చు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఆరు చక్రాలు
విడిభాగాల పట్టికలో రెండు ఇంజన్ల నంబర్లు పోల్చి చూశాను. పిస్టన్లు వేరు, ఇంజెక్టర్లు వేరు, టర్బో వేరు. బ్లాకు, క్రాంకు మాత్రం ఒకే నంబరు.

తీగల తాత
అయితే మీకు దొరికింది ఇంజన్ కాదు, మంచి బ్లాకు. అలా అనుకుని కొంటే నాకు అభ్యంతరం లేదు. యూరో 6 పిస్టన్లు వేయించి, మీ హెడ్ (సిలిండర్ల పైమూత), ఇంజెక్టర్లు, టర్బో, ఈసీయూ అన్నీ దానికి బిగిస్తే ట్రక్కు మళ్లీ మొదటి రూపానికే వస్తుంది. ఇంజన్ నంబరు మారుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్‌లో మార్పించుకోండి.

డీజిల్ బాటసారి
ఇంత ఖర్చు పెట్టే బదులు అదే రకం యూరో 6 ఇంజన్ వెతుక్కోవడం నయం కాదా? నేను అలాగే ఎక్కించమన్నది ఖర్చు చూసే.

నాలుగో గేరు
ఈ ఒక్క మాటలో మీతో ఏకీభవిస్తాను. అది దొరక్కపోతేనే తాత గారి దారి. దానికీ ఒక మెలిక ఉంది: రాడ్ విరిగిన సిలిండర్‌లో పిస్టన్ పైకి ఎగిరి వాల్వులను కొట్టి ఉంటే మీ హెడ్ కూడా పనికిరాదు, విరిగిన ముక్కలు టర్బో దాకా వెళ్లి ఉండవచ్చు. ముందు హెడ్ విప్పించి, టర్బో రెక్కలు చూడండి. అంతవరకు ఆ యూరో 5 ఇంజన్‌కు అడ్వాన్సు ఇవ్వకండి.