తెలుగుకి పిక్సెల్ ఫాంటు నప్పుతుందా?

టవర్‌క్లాక్_అనంత: నేనూ నా ఫ్రెండూ కలిసి పాత వీడియోగేముల మాదిరి చిన్న గేమ్ ఒకటి చేస్తాండాం. ఇంగ్లీషుకి ప్రెస్ స్టార్ట్ 2పీ అనే ఫాంటు పెట్టినాం, 1980ల నామ్కో ఆర్కేడ్ గేముల అక్షరాలు చూసి చేసింది అది, ఒక్కో అక్షరం 8×8 గళ్ళలో కూర్చుంటుంది. తెలుగు కూడా అట్లనే గళ్ళు (పిక్సెళ్ళు) నింపి గీద్దామని నేను. మావాడేమో, తెలుగు గుండ్రంగా ఉండే లిపి, గళ్ళల్లో పెడితే చెడిపోతుంది, మామూలు ఫాంటే పెట్టు అంటాడు. మీరేమంటారు?

బురుజు_కాడ (కర్నూలు): మీ ఫ్రెండు చెప్పిందే కరెక్టు తమ్ముడూ. నేను షాపులకి ఎల్ఈడీ బోర్డులు చేస్తా. వాటికి వాడే పీ10 రకం ప్యానెల్‌కి అడ్డం 32 చుక్కలు, నిలువు 16. ఆ 16లోనే పైన గుడి, కింద వత్తు పోతే మద్దెలో అసలు అక్షరానికి ఏడో ఎనిమిదో వరసలు మిగుల్తాయి. 'ఆదోని' సరే, 'ప్రొద్దుటూరు' కొట్టి చూడు, క్రారవడి ఒకపక్క, ద వత్తు ఇంకోపక్క, కింద అంతా ఎర్రటి ముద్ద. డకీ ఢకీ తేడా కింద చిన్న గీతే, అది పాయనంటే అక్షరమే మారిపాయ. బోర్డు పెట్టించేది జనం చదవాలని కదా.

ధర్మవరం_మగ్గం: ముద్దయ్యేది గళ్ళ వల్ల కాదన్నా, సాఫ్ట్‌వేరు మామూలు ఫాంటును పట్టుకొని 16 వరసలకి కుదించేస్తాంది, దానివల్ల. 1984లో యాపిల్ వాళ్ళ మాకింటాష్ కంప్యూటరు స్క్రీను మొత్తం 512×342 చుక్కలే, వాళ్ళ డిజైనరు సూజన్ కేర్ ఆ చుక్కల్లోనే షికాగో ఫాంటు గీసింది, ఇంగ్లీషు ఐ అక్షరానికి తక్కువ వెడల్పు ఎం అక్షరానికి ఎక్కువ ఇచ్చి, కుదించింది కాదు అది, ఆ సైజుకే గీసింది. ఇంక గుండ్రం సంగతంటావా, మా చీరల అంచుల్లో మామిడిపిందె గుండ్రంగా కనపడటంలే? అది కూడా గ్రాఫు కాగితం మీద గడి గడీ నింపి, అట్టలకి బెజ్జాలు కొట్టి జకార్డుకి, అంటే మగ్గం మీద డిజైను నేయించే యంత్రానికి, ఎక్కించిందే. చిన్నప్పుడు మా నాయన పక్కన కూర్చోని నేనూ నింపినా, వంపు దగ్గర ఒక్క గడి ఎక్కువైతే పిందె మూతి వంకరపోతాది. తెలుగుకీ అంత ఓపికగా ఎవరో ఒకరు కూర్చోవాల. 8 వరసల్లో మన లిపి పట్టదు, అది ఒప్పుకుంటా. 24 తీసుకోండి, పైన 6, మద్దెలో 10, కింద వత్తులకి 8. అక్షరానికో వెడల్పు ఇయ్యండి, అన్నిటినీ ఒకే డబ్బాలో తోసేయద్దు.

ఇంకొకటి, 24లో గీసింది 48లోనో 72లోనో పెట్టండి, 30లో పెడితే గళ్ళు కుదరక మసకబారుతుంది. చిన్నచిన్న మాటలకే వాడండి, పేజీ కథంతా దాంట్లో పెడితే కండ్లు నొస్తాయి.

బురుజు_కాడ: 24 వరసలంటే నాకు ప్యానెల్ మీద ఇంకో ప్యానెల్, ఖర్చు డబుల్. ఆ లెక్క షాపువాళ్ళు ఇయ్యరు. గేముకైతే ఫోను స్క్రీనే కాబట్టి గీసుకోండి, నేను అడ్డం చెప్పను. బోర్డుల మీద మాత్రం నా మాట అదే.

టవర్‌క్లాక్_అనంత: సరేన్నా. ప్రొద్దుటూరు, ఎమ్మిగనూరు, ఆళ్ళగడ్డ, ఈ మూడు పేర్లూ 24లో గీసి రేపు సాయంత్రం ఇక్కడే పెడతా. ముందు మా అవ్వకి చూపిస్తా, ఏ ఊరో చెప్పకుండా.