రాక్ బ్యాండ్ల పాటల్లో తప్పక వినదగినవి ఏవి? దేనికోసం వినాలి?

కొత్త శ్రోత:
పల్లవి, చరణం స్పష్టంగా ఉన్న పాటలకు అలవాటు పడిన చెవి నాది. ఈమధ్య రాక్ వినాలన్న కోరిక పుట్టి, వంద గొప్ప పాటల జాబితా ఒకటి దగ్గర పెట్టుకుని మొదటినుంచి వరసగా వినసాగాను. ఇరవై దాటేసరికి తల దిమ్మెక్కిపోయింది. ఎక్కడ పల్లవి ముగిసిందో తెలియదు, పాడేవారి మాట సగం వినిపించదు, గిటార్ అందుకున్న మనిషి ఇక ఆపడు. ఈగిల్స్ వారి హోటల్ కాలిఫోర్నియా ఒక్కటి మాత్రం ముందే విని ఉన్నందువల్ల కాబోలు, హాయిగా అనిపించింది. ఇంతమంది ఇన్నేళ్లుగా వింటున్నారంటే నా చెవికి అందనిదేదో ఇందులో ఉండాలని నా నమ్మకం. పేరున్న బ్యాండ్ల పాటలు కొన్ని సూచించండి. పేర్లు చెప్పి వదిలేయకుండా, ఏ పాటలో దేనిని పట్టుకోవాలో కూడా చెబితే రుణపడి ఉంటాను.

మంద్రస్థాయి:
ముందు ఆ జాబితాను పక్కన పెట్టండి. వంద పాటలు వరసగా వింటే ఏ సంగీతమైనా గోలగానే తోస్తుంది. పాటంటే గాయకుడిది, మిగిలినవారిది పక్కవాద్యం అన్న అలవాటును కూడా కాసేపు మరిచిపోవాలి. రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్, బేస్ (మంద్రస్వరాలు పలికే గిటార్), గిటార్, గొంతు సమాన హోదాలో కూర్చుని మాట్లాడుకుంటాయి, ఒక్కోసారి పోట్లాడుకుంటాయి కూడా. నేను సరదాకి బేస్ వాయిస్తాను కాబట్టి ఈ మాటలో కొంత స్వార్థం ఉందనుకున్నా ఫరవాలేదు.

ఈ కూర్పు విడివిడిగా వినిపించాలంటే డీప్ పర్పుల్ వారి స్మోక్ ఆన్ ది వాటర్‌తో మొదలుపెట్టండి. మొదట గిటార్ ఒక్కటే చిన్న స్వరమాలను తిప్పి తిప్పి వాయిస్తుంది. దీన్నే రిఫ్ అంటారు. తర్వాత ఆర్గన్, డ్రమ్స్‌కు అమర్చిన లోహపు తాళాల చప్పుడు తోడవుతాయి, ఆపైన డ్రమ్స్ పూర్తిగా దిగుతాయి, చివరికి బేస్ వచ్చి కలుస్తుంది. అంతా కుదిరిన తర్వాతే గాయకుడు నోరు తెరుస్తాడు. పాటలో చెప్పిన కథ జరిగినదే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకుల్లో ఎవరో నిప్పురవ్వలు చిమ్మే ఫ్లేర్ పేల్చడంతో కాసినో భవనం కాలిపోయింది. ఆల్బం రికార్డు చేయడానికి అక్కడికి వచ్చి ఉన్న డీప్ పర్పుల్ బృందం, జెనీవా సరస్సు మీద పరుచుకున్న ఆ పొగను కళ్లారా చూసింది.

రెండోది ఫ్లీట్‌వుడ్ మాక్ వారి ది చైన్, 1977 నాటిది. మూడు నిమిషాలు దాటిన చోట పాట దాదాపు ఆగిపోతుంది. అప్పుడు బేస్ ఒంటరిగా పైకి వస్తుంది. ఆ చోటు ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది కనుక దయచేసి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. హోటల్ కాలిఫోర్నియా మీకు తెలుసన్నారు. అయితే చివరి రెండు నిమిషాలు మరోసారి వినండి. డాన్ ఫెల్డర్, జో వాల్ష్ ఒకరి తర్వాత ఒకరు గిటార్ అందుకుని, ఆ పిమ్మట ఇద్దరూ జంటగా వాయిస్తారు. ఎవరు ఎక్కడ వదిలారో, ఎవరు ఎక్కడ అందుకున్నారో గుర్తుపట్టగలిగితే, గిటార్ ఆపడన్న మీ ఫిర్యాదు అక్కడితో తీరిపోవచ్చు.

పాత క్యాసెట్:
మంద్రస్థాయి గారి మాట కాదనను కానీ, పల్లవి వెతుక్కునే అలవాటును మాన్పించే పాట వేరే ఉంది. పింక్ ఫ్లాయిడ్ వారి మనీ వినండి. 1973లో వచ్చిన ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్ ఆల్బంలోది. నాణేల గలగల, కాగితం చిరిగే చప్పుడు, దుకాణం కౌంటర్‌లో డబ్బు లెక్కకట్టే యంత్రం మోత వరసగా వినిపిస్తూ పాట మొదలవుతుంది. ఆ చప్పుళ్లను విడివిడిగా టేపు మీద పట్టి, టేపును ముక్కలుగా కోసి, తిరిగి అతికించి, చక్రంలా తిప్పారు. లెక్కపెట్టి చూడండి, ఏడు దెబ్బలకు ఒక ఆవృతం. మన కర్ణాటక సంగీతంలో ఏడు లెక్కల తాళమైన మిశ్రచాపు ఎరిగినవారికి ఈ ఏడు కొత్త కాదు. బేస్ కూడా ఆ ఏడులోనే నడుస్తుంది, శాక్సొఫోన్ కూడా ఆ ఏడులోనే పలుకుతుంది. డేవిడ్ గిల్మర్ గిటార్ సోలో, అంటే గిటార్ ముందుకొచ్చి ఏకంగా వాయించే భాగం, మొదలయ్యే చోట మాత్రం తాళం నాలుగుకు మారిపోతుంది. ఎత్తుపల్లాల దారి నుంచి బండి నున్నటి రోడ్డెక్కినట్లు ఉంటుంది. చేత్తో తాళం వేస్తూ వింటే ఆ క్షణంలో మీ చెయ్యి తప్పకుండా తడబడుతుంది.

ఆ బృందానిదే విష్ యూ వర్ హియర్, 1975 నాటిది. రేడియో స్టేషన్లు మారుతున్న గరగర మధ్య నుంచి, ఎక్కడో దూరాన మోగుతున్నట్లు సన్నగా ఒక గిటార్ వినిపిస్తుంది. కొద్దిసేపటికి ఇంకో గిటార్, ఈసారి నిండుగా, మీ గదిలోనే ఎవరో కూర్చుని రేడియోకు జతగా వాయిస్తున్నట్లు వచ్చి కలుస్తుంది. మానసిక స్థితి దెబ్బతిని 1968లో బృందానికి దూరమైన సిడ్ బారెట్ నీడ ఆ ఆల్బం మీదంతా ఉంది. ఆ సంగతి తెలిశాక ఆ రెండు గిటార్ల మధ్య దూరం ఇంకోలా వినిపిస్తుంది.

లెడ్ జెప్లిన్ వారి స్టెయిర్‌వే టు హెవెన్ (1971) ఎనిమిది నిమిషాల పాట. డ్రమ్స్ నాలుగు నిమిషాలు దాటేదాకా రావు, వేగం మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. ఓపిక ఉన్న రోజు వినండి.

మూడు నిమిషాలు:
కొత్తగా వస్తున్న మనిషికి ఆరేడు నిమిషాల పాటలు ఇన్ని అప్పగించడం నాకు సబబుగా తోచలేదు. రాక్‌లో సగం బలం క్లుప్తతలోనే ఉంది. రామోన్స్ వారి బ్లిట్జ్‌క్రీగ్ బాప్ (1976) రెండు నిమిషాల చిల్లరలో ముగిసిపోతుంది. బ్లాక్ సబ్బాత్ వారి పారనాయిడ్ (1970) మూడు నిమిషాలైనా ఉండదు. అందులో గిటార్ వాయించిన టోనీ ఐయోమీ ఎడమచేతి వాటం మనిషి. రేకుల ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదంలో, తీగలను నొక్కవలసిన కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు కట్టి వాయించాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బం నాటికి తీగలను వదులు చేసి శ్రుతి దించాడు. రాక్‌లో హోరెక్కువైన శాఖ హెవీ మెటల్‌ను తలచుకోగానే చెవిలో మెదిలే ఆ బరువైన నాదానికి అది ఒక మూలం.

పల్లవి, చరణమే కావాలంటే నిర్వాణా వారి స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్ (1991) చాలు. చరణం గొంతు దించి, పల్లవి గొంతు చించుకుని సాగుతుంది, ఎక్కడ ఏది మొదలైందన్న అనుమానమే రాదు. మధ్యలో వచ్చే గిటార్ సోలో కూడా పాడిన చరణం బాణీనే దాదాపుగా తిరిగి పలికిస్తుంది కనుక మీరు దారి తప్పరు.

కొత్త శ్రోత:
అందరికీ కృతజ్ఞతలు. మనీకి తాళం వేస్తూ కూర్చున్నాను. చెప్పినట్లే సోలో దగ్గర చెయ్యి తప్పింది, మూడోసారికి గానీ సర్దుకోలేదు. ది చైన్ మొదట ఫోన్‌లోనే విని, ఇందులో ఏముందని విసుక్కున్నాను. తర్వాత హెడ్‌ఫోన్‌తో వింటే, ఆ బేస్ పాట మొదటినుంచీ ఎక్కడో దాక్కుని ఉన్నట్టుగా బయటికి వచ్చింది. బ్లిట్జ్‌క్రీగ్ బాప్ మాత్రం, క్షమించాలి, నాకు ఎక్కలేదు. ఒక్క సందేహం. ఇంతవరకూ అందరూ గిటార్లు, తాళాల గురించే చెప్పారు. కేవలం గొంతు కోసం వినవలసినవి లేవా?

పాత క్యాసెట్:
ఉన్నాయి. క్వీన్ వారి బొహీమియన్ రాప్సొడీ (1975) నడుమ వచ్చే ఒపెరా భాగంలో పెద్ద బృందగానం వినిపిస్తుంది. నిజానికి అవి ముగ్గురి గొంతులే. ఫ్రెడ్డీ మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్ పదేపదే పాడి, ఒకదాని మీద ఒకటి పొరలుగా పేర్చారు. మనీ ఉన్న ఆల్బంలోనే ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై ఉంది. అందులో క్లేర్ టోరీ పాడినదానికి మాటలే లేవు, పూర్తిగా ఆలాపన. మాటలు అర్థం కావడం లేదన్న మీ బాధ అక్కడ లేదు. దానిని స్టూడియోలో అప్పటికప్పుడు అల్లినందుకు ఆమెకు ముట్టింది ఒక్కరోజు పారితోషికమే. రచనలో భాగం ఉందని కోర్టుకు వెళ్లాకే, 2005లో రాజీ కుదిరి ఆమె పేరు చేరింది.

మంద్రస్థాయి:
ఆ వరసలోనే రోలింగ్ స్టోన్స్ వారి గిమ్మీ షెల్టర్ (1969) కూడా చేర్చండి. అందులో మిక్ జాగర్‌తో కలిసి పాడిన మెర్రీ క్లేటన్‌ను రాత్రి పొద్దుపోయాక స్టూడియోకు పిలిపించారు. అప్పటికి ఆమె గర్భవతి. సుమారు మూడో నిమిషం దగ్గర పైస్థాయిలో ఆమె గొంతు జీరబోతుంది, వెంటనే మళ్లీ జీరబోతుంది. శ్రద్ధగా వింటే, అది విని వెనుక నుంచి జాగర్ ఉత్సాహంగా వేసిన కేక కూడా వినిపిస్తుంది. ఆ జీరనూ తీసేయలేదు, ఆ కేకనూ తీసేయలేదు. దీన్ని కూడా హెడ్‌ఫోన్‌తోనే వినండి.