నేర్పరి, చూపరి, తీర్పరి ఉన్నారు. మరి ‘ఎగ్జిబిటర్’?

నిన్న మన గ్రూపులో ఒకరు చిన్న ప్రశ్న అడిగారు. బ్రిటిష్ వాళ్ల కాలపు పారిశ్రామిక, కళా ప్రదర్శనల నియమాలను తెలుగులో రాస్తున్నారట. ప్రతి నియమంలోనూ ‘ఎగ్జిబిటర్’ అనే మాట తగులుతోంది, అంటే వస్తువును తెచ్చి ప్రదర్శనలో అందరికీ చూపించే మనిషి, దానికేం రాయాలి అని. ఐదారుగురు వెంటనే ‘ప్రదర్శకుడు’ అన్నారు. ఒకరు ‘కళాకారుడు’ అన్నారు, ఇంకొకరు ‘తయారీదారు’ అన్నారు. ఈ చివరి రెండూ చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ‘ప్రదర్శకుడు’ సంగతి. మనకు నాటక ప్రదర్శన ఉంది, బలప్రదర్శన ఉంది, ఊరేగింపుగా పోయే నిరసన ప్రదర్శన ఉంది. మార్కాపురం నుంచి పలకలు తెచ్చి బల్ల మీద పేర్చిన మనిషిని ప్రదర్శకుడు అంటే, చదివేవాళ్లకు తోలుబొమ్మలు ఆడించేవాడు గుర్తొస్తాడు. పోనీ ‘ఎగ్జిబిటర్’ అనే ఉంచేద్దామా అంటే, ఆ మాట మన దగ్గర సినిమావాళ్లది అయిపోయింది. ఒంగోల్లోనైనా నెల్లూర్లోనైనా ఎగ్జిబిటర్ అంటే సినిమా హాలు నడిపే ఆయనే.

ఇక్కడ నాకు ఒక ముచ్చటైన విషయం కనిపించింది. ప్రదర్శనలో ఉండే మిగతా మనుషులందరికీ తెలుగులో చక్కటి మాటలున్నాయి. పనితనం ఉన్నవాడు నేర్పరి. చూడవచ్చినవాడు చూపరి. ఏది బాగుందో తేల్చి చెప్పేవాడు తీర్పరి. నేర్పు, చూపు, తీర్పు, మూడింటికీ ‘అరి’ చేరింది. పతకాలిచ్చే జ్యూరీ గురించి రాసేటప్పుడు ‘న్యాయనిర్ణేతలు’ అని నోరు తిరగని మాట ఎందుకు, ‘తీర్పరులు’ అని హాయిగా రాయొచ్చు. వస్తువును తెచ్చి అందరి ముందూ పెట్టే మనిషికే మాట లేదు. ‘చూపు’ అంటే చూపించడం కూడా కాబట్టి చూపరి అనే అనొచ్చు కదా అని ఒక అక్క రాశారు. లెక్క ప్రకారం కుదిరేదే. కానీ ‘చూపరులను ఆకట్టుకుంది’ అని పత్రికలు రోజూ రాస్తుంటే, ఆ మాటను ఇప్పుడు చూపించే మనిషికి కట్టలేం.

ఇక నియమాల్లోకి పోదాం. ఆ కాలపు ప్రదర్శనలకు పెద్ద నమూనా 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు భవనం కట్టి పెట్టిన మహా ప్రదర్శన. అక్కడ జాగాకు అద్దె లేదు. సరుకును అక్కడిదాకా చేర్చే ఖర్చు మాత్రం ఎగ్జిబిటర్‌దే. వస్తువు మీద వెల కనపడకూడదు. మందుగుండు, సారాయి, కుళ్లిపోయే సరుకు పనికిరావు. ముగిసేదాకా దేన్నీ వెనక్కి తీసుకుపోకూడదు. ముడిసరుకు, యంత్రాలు, తయారీ వస్తువులు, లలితకళలు అని నాలుగు విభాగాలు, వాటి కింద 30 తరగతులు. వెల కనపడకూడదన్న నియమం నాకు బాగా నచ్చింది. సంతకూ ప్రదర్శనకూ గీత గీసింది అదే.

మన చర్చకు అసలు కావలసింది ఆ ప్రదర్శన కేటలాగులో ఉంది. ఎగ్జిబిటర్ పేరు పక్కన పొట్టి అక్షరాల గుర్తు వేశారు. ఈయన దాన్ని కనిపెట్టినవాడా, రూపం గీసినవాడా, చేసినవాడా, పండించినవాడా, బయటి దేశం నుంచి తెప్పించినవాడా, లేక ఊరికే సొంతదారా అని ఆ గుర్తు చెబుతుంది. అంటే ఎగ్జిబిటర్ అనగానే చేసినవాడు అని వాళ్లే అనుకోలేదు. మనం ‘తయారీదారు’ అని రాస్తే, వాళ్లు విడదీసి పెట్టినదాన్ని మళ్లీ కలిపేసినట్టు.

అది ఎంత పెద్ద తప్పో మన సరుకు దగ్గరే తెలుస్తుంది. 1851లో భారతదేశపు సరుకును పోగుచేసి లండన్‌కు పంపింది ఈస్టిండియా కంపెనీ. మగ్గం మీద కూర్చున్నది వేరే మనిషి. 1855లో మద్రాసులో పెట్టిన ప్రదర్శనకు కూడా జిల్లాల్లో స్థానిక కమిటీలు సరుకు పోగుచేసి పంపాయి. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కిందిదే. కంపెనీనో కమిటీనో ‘కళాకారుడు’ అని తెలుగు చేస్తే, నేసినవాళ్ల చోటును రెండోసారి లాక్కున్నట్టే.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి మా ఇంటి సంగతి ఒకటి ఉంది. మా మేనమామ వెంకటగిరిలో జాందానీ చీరలు నేసేవాడు. నూలు, జరీ నేత పని చేయించే మాస్టర్ వీవర్ ఇచ్చేవాడు, మామకు ముట్టేది మజూరి. ఒకసారి మామ నేసిన చీర ఏదో ప్రదర్శనకు పోయి బహుమతి తెచ్చింది. సర్టిఫికెట్ మీద ఉన్నది మాస్టర్ వీవర్ పేరు. నాకప్పుడు పదిహేనేళ్లు. నీ పేరు లేదేంటి మామా అని కోపంగా అడిగాను. మామ పేక పోగు సరిచేసుకుంటూ, “నేసింది నేనేరా, పెట్టింది ఆయన గదా” అన్నాడు. అమ్మకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ ‘పెట్టింది’ అన్న మాటే ఇప్పుడు నాకు దారి చూపించింది. మనం అంగడి పెడతాం, సంత పెడతాం, బొమ్మల కొలువు పెడతాం. “వీఆర్‌సీ గ్రౌండులో ఎగ్జిబిషన్ పెట్టారంట” అని నెల్లూర్లో అంటాం. కాబట్టి ఎగ్జిబిటర్‌కు ‘వస్తువు పెట్టినవారు’ అని రాయండి. నేసినవాళ్లకూ చెక్కినవాళ్లకూ ‘చేసినవారు’ అని వేరే ఉంచండి. ఉదయగిరి చెక్క చెంచాలు స్టాలుకు వచ్చినా అంతే. చెక్కిన ఆమె వేరు, స్టాలు తీసుకున్న సంఘం వేరు.

‘పెట్టినవారు’ అందామని నిన్న రాత్రే గ్రూపులో ఒక ముక్క రాశాను. దానికి వచ్చిన జవాబులకు ఇక్కడే చెబుతాను.

‘పెట్టినవారు’ మరీ పల్లెటూరి మాటలా ఉంది, ప్రభుత్వ నియమాల్లో నప్పదు అని ఒక పెద్దాయన అన్నారు. అయ్యా, ‘కనిపెట్టినవారు’ అని సైన్సు పాఠంలోనే రాస్తున్నాం. అందులోనూ ఉన్నది ఆ ‘పెట్టు’నే. నప్పకపోవడం అలవాటు లేకపోవడమే తప్ప మాటలో లోపం కాదు. పట్టికల్లో పొట్టి మాటే కావాలంటే ‘సరుకుదారు’ అనండి. వాటాదారు, కౌలుదారు, పంపిణీదారు ఉన్నాయి కాబట్టి కొత్తగా అనిపించదు, చేసినవాడన్న అర్థమూ రాదు. నా ఓటు మాత్రం మొదటిదానికే.

ఒంగోలు నుంచి ఒక అన్న పశువుల సంగతి ఎత్తారు. ఎంత బాగా చెప్పారో! బండలాగుడు పోటీల్లో ఎడ్ల జత ఎవరిదంటే ఆసామి పేరు చెబుతారు, తోలేవాళ్లను తోలేవాళ్లనే అంటారు, ఎవరూ కలపరు అన్నారు. మనవాళ్లు నోటితో ఎప్పుడో విడదీసిన తేడానే ఇది. దీనికి ఇంకొకటి కలుపుతాను. బ్రెజిల్లో మన ఒంగోలు జాతిని ‘నెలోర్’ అంటారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. ఆవు పుట్టిన ఊరి పేరు కాకుండా జిల్లా పేరే సముద్రం దాటి నిలిచిపోయింది. చీటీ మీద ఏ పేరు పడుతుందో అంత ముఖ్యం.

నియమాలు తెలుగు చేస్తున్న తమ్ముడికి ఒక మనవి. మీరు మొదట పెట్టిన వాక్యం ‘ప్రదర్శకుడు తన కళాఖండాన్ని స్వంత వ్యయంతో చేరవేయవలెను’ అని ఉంది. దాన్ని ‘వస్తువు పెట్టేవారే దాన్ని చేర్చే ఖర్చు భరించాలి’ అని మార్చి చూడండి. మిగతా నియమాలు కూడా ఇక్కడ పెడితే ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం. చీరాల, మార్కాపురం వైపు వాళ్లు మీ దగ్గర స్టాలు పెట్టిన మనిషిని ఏమని పిలుస్తారో కింద రాయండి.