పండుటాకు నీరసించి రాలుతుందా, చెట్టే రాలుస్తుందా?

కాగితంపడవ: ఆకురాలు కాలాన్ని మనిషి ముసలితనంతో పోలుస్తూ ప్రసంగం రాయాలి. చెట్టు శక్తి ఉడిగి ఆకుల్ని వదిలేస్తుందని అందరూ అంటారు. నిజంగా జరిగేది అదేనా? రంగులెందుకు మారతాయి? వేదిక మీద చూపించడానికి ఎర్రటి ఆకుల్ని రంగు పోకుండా ఎండబెట్టడం ఎలా?

చిగురుకొమ్మ: శక్తి ఉడగడం కాదు, చెట్టు పనిగట్టుకుని చేసే పని అది. పగళ్లు కురచై రాత్రులు చల్లబడేసరికి ఆకులోని మాంసకృత్తుల్ని విడగొట్టి, నత్రజనిలో ఇంచుమించు సగాన్ని, కొన్ని చెట్లయితే అంతకంటే ఎక్కువనే కొమ్మల్లోకి, వేళ్లలోకి లాగేసుకుంటుంది. పత్రహరితం పోయాక, మొదటినుంచీ దాని చాటున ఉన్న కెరోటినాయిడ్లనే రంగుపదార్థాల పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్‌ను చాలా చెట్లు అప్పటికప్పుడు ఆకులో మిగిలిన చక్కెరతో తయారుచేస్తాయి. అందుకే ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టనంత చల్లటి రాత్రులు వరసగా వస్తే ఎరుపు చిక్కబడుతుంది. ముసురు పట్టిన ఏడు వెలవెలబోతుంది.

ఇక రాలడం. ఆకు నుంచి ఆక్సిన్ అనే హార్మోను రావడం తగ్గి మరో హార్మోను ఇథిలిన్‌ది పైచేయి కాగానే, తొడిమ మొదట్లోని పల్చటి పొరలో కణాల్ని అతికించే జిగురును ఎంజైములు కరిగిస్తాయి. కొమ్మ వైపు బెండులాంటి పొర కట్టి గాయం మూసుకుంటుంది. ఇదంతా బతికున్న కణాల పని. వేసవిలో విరిగి ఎండిన కొమ్మను చూడండి, మాడిన ఆకులు దానికే వేలాడుతుంటాయి. చచ్చిన కొమ్మ ఆకు రాల్చలేదు! మీ ప్రసంగానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఎండుపుల్ల: పై మాటను తిరగేసి, ఆకు వేలాడితే కొమ్మ చచ్చినట్టేనని మాత్రం రాయకండి. లేత ఓక్, బీచ్ చెట్లు బతికుండగానే ఎండుటాకుల్ని చలికాలమంతా పట్టుకునుంటాయి. గడ్డకట్టే చలి ముందే పడి, పొర పూర్తికాకముందే ఆకు చచ్చిపోయినా అంతే. ఇంకోటి, వచ్చే ఏటి మొగ్గ ఆకు రాలాక పుట్టేది కాదు. తొడిమ మచ్చకు కాస్త పైన, వేసవిలోనే కట్టి ఉంటుంది.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. ఇంగ్లీషు ‘ఆటమ్’కి నిఘంటువు శరత్తు అంటుంది గానీ, మన లెక్కలో శరత్తంటే వెన్నెల, తేటపడ్డ ఆకాశం. ఆకులు రాలేది శిశిరంలో. ‘ఆకురాలు కాలం’ అంటే ఏ గొడవా లేదు.

నీడపట్టు: మనిషి గురించి కాబట్టి ఒక మాట. పగటి వెలుతురు తగ్గేసరికి కొందరికి ఏటా దిగులు, అతినిద్ర పట్టుకుంటాయి. అది కవిత్వం కాదు, 1984లో వైద్యులు పేరుపెట్టి వివరించిన జబ్బు. పొద్దున్నే 10,000 లక్స్ (వెలుతురు కొలమానం) దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం ఒక చికిత్స. బైపోలార్ (దిగులు, ఉన్మాదం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు అది ఉన్మాదాన్ని రేపవచ్చు, డాక్టర్ని అడగకుండా వద్దు.

అట్టపెట్టె: రాలిన రోజే ఆకు ఏరి తడి అద్దండి. నున్నటి కాగితం తడి పీల్చదు, మామూలు న్యూస్‌పేపరే మేలు. ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పైన 5 కిలోల బరువు పెట్టండి. మొదటి మూడు రోజులు రోజూ కాగితం మార్చాలి, మొత్తం వారం పది రోజులు. బూజు పట్టిందంటే కాగితం మార్చలేదని, గోధుమరంగుకు తిరిగిందంటే మరీ నెమ్మదిగా ఎండిందని. తొడిమ ఆకు కంటే ఆలస్యంగా ఎండుతుంది, దాన్ని వంచి చూశాకే తీయండి. తర్వాత ఎండ తగలనివ్వకండి, ఎరుపు వెలిసిపోతుంది.