ఆటోక్యాడ్: స్క్రీన్ మీద గీతల మందం కనిపిస్తోంది, ప్రింట్‌లో అన్నీ ఒకటే (టెక్స్ట్ సైజు గోల కూడా ఉంది)

గోదారిగీత:
అందరికీ నమస్తే. చిన్న స్ట్రక్చరల్ ఆఫీసులో ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో డ్రాఫ్టింగ్ (కట్టడాల డ్రాయింగులు గీయడం) చేస్తున్నాను. కాలమ్స్ లేయర్‌కి (ఒక రకం గీతలు ఉంచే పొర) 0.50, బీమ్స్‌కి 0.35, డైమెన్షన్లకి 0.18 ఎంఎం మందం ఇచ్చాను. స్క్రీన్ మీద తేడా బాగానే తెలుస్తోంది, పీడీఎఫ్ తీస్తే మాత్రం అన్నీ ఒకే మందం. రెండోది, ఒకే షీట్‌లో 1:100 ప్లాన్, 1:25 బీమ్ సెక్షన్ పెట్టాల్సి వస్తే ఒకచోట అక్షరాలు చీమల్లా, ఇంకోచోట ఏనుగుల్లా వస్తున్నాయి. మూడోది, మోడల్‌లో (అసలు డ్రాయింగ్ గీసే చోట) డాటెడ్‌గా ఉన్న గీత లేఅవుట్‌కి (ప్రింట్ షీట్ అమర్చే చోటు) వెళ్లగానే నిండు గీత అయిపోతోంది. షీట్ ఏ1. మీరంతా ఏ సైజులు వాడుతున్నారో కూడా చెప్పండి.

ప్లాట్‌బాబు:
మీ ఆఫీసు సీటీబీ ఫైలు (ఏ రంగు గీత ఎంత మందంతో ప్రింట్ కావాలో చెప్పేది) తెరిచి చూడండి. అందులో ప్రతి రంగుకీ లైన్‌వెయిట్ దగ్గర 'యూజ్ ఆబ్జెక్ట్ లైన్‌వెయిట్' అని ఉంటేనే లేయర్‌లో ఇచ్చింది ప్రింట్‌కి వస్తుంది. ఎవరో పాతకాలంలో అన్ని రంగులకీ 0.25 పెట్టి వదిలేసి ఉంటారు. సీటీబీ చెప్పిందే చెల్లుతుంది, లేయర్ మాట అక్కడ నడవదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మోనోక్రోమ్ సీటీబీ పెట్టి ఒకసారి తీయండి, నిమిషంలో తేలిపోతుంది.

సైట్‌లోనేఉన్నా:
ముందు ఆ డైమెన్షన్లకి 0.18 మానేయండి తల్లీ. మీరు ఏ1లో అందంగా గీస్తారు. సైట్‌కి వచ్చేది దాని కొలతల్లో సగం ఉండే ఏ3 జిరాక్స్. మొన్న ఫుటింగ్ షెడ్యూల్‌లో (పునాదుల రాడ్ల పట్టికలో) 8 ఎంఎం అని ఉందో 6 ఎంఎం అని ఉందో నాకే అర్థం కాలేదు, రాడ్ బెండర్‌కి ఏం చెప్పను? ఫోన్ చేస్తే డ్రాఫ్ట్స్‌మన్ "పీడీఎఫ్ జూమ్ చేసి చూడండి సార్" అంటాడు. ఎండలో, సిమెంటు చేతులతో, పగిలిన ఫోన్ అద్దం మీద జూమ్ చేయాలట!

ప్లాట్‌బాబు:
ఏ1 డ్రాయింగ్‌ని ఏ3లో కొట్టించుకుని మమ్మల్ని తిడితే ఎలా సార్? ఏ1కి 2.5 ఎంఎం టెక్స్ట్ అన్నది అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే. సగానికి కుదిస్తే 1.25 అవుతుంది. అది మా తప్పు కాదు.

సైట్‌లోనేఉన్నా:
ఏ1 ప్లాటర్ మా ఊళ్లో లేదు. జిల్లా కేంద్రానికి మనిషిని పంపాలి, పొద్దు గడిచిపోతుంది. కాంట్రాక్టర్ ఏ3 దాటి రూపాయి పెట్టడు. డ్రాయింగ్ ఎవరి కోసం గీస్తున్నారు, మీ సార్ టేబుల్ మీద పరవడానికా, స్లాబు వేసేవాళ్లకా?

రాపిడోగ్రాఫ్60:
ఇద్దరూ ఆగండి బాబూ. మీకు మౌస్ పట్టుకోవడం వచ్చు, గీత గురించి తెలియదు. మేము ట్రేసింగ్ మీద ఇంకు పెన్నులతో గీసినవాళ్లం. పెన్ను మెడ మీద రంగు పట్టీ చూసి మందం చెప్పేవాళ్లం: 0.25 తెలుపు, 0.35 పసుపు, 0.50 గోధుమ, 0.70 నీలం. 0.25, 0.35, 0.50, 0.70, 1.0 అనే వరుస ఊరికే రాలేదు. ప్రతి మెట్టూ ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. కాగితం ఏ3 నుంచి ఏ2కి, ఏ2 నుంచి ఏ1కి పెరిగేదీ అంతే. అంటే ఏ1లో 0.50తో గీసింది ఏ2కి కుదిస్తే 0.35, ఏ3కి కుదిస్తే 0.25 అవుతుంది. అక్షరాల ఎత్తు కూడా అదే లెక్క: 2.5, 3.5, 5, 7, 10. డ్రాయింగ్ కుదించే రోజు వస్తుందని తెలిసే పెద్దలు ఈ వరుస పెట్టారు. మీరేమో ఎవడు కుదించాడని కొట్టుకుంటున్నారు.
నిబ్బు మూసుకుపోతే వేడినీళ్లలో నానబెట్టి, చెవి దగ్గర ఊపి లోపల తీగ కదులుతోందా అని వినేవాళ్లం. ట్రేసింగ్ మీద తప్పు గీత పడితే బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. అండూ బటన్ లేదు మాకు.

దోహాడ్రాఫ్టర్:
పెద్దాయన చెప్పిన లెక్క కరెక్ట్. కానీ రంగు చూసి మందం చెప్పే అలవాటే ఈ సీటీబీ దరిద్రానికి మూలం. ఎరుపంటే ఇంత, పసుపంటే ఇంత అని 255 రంగులకి ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఇక్కడ మా కన్సల్టెన్సీలో అంతా ఎస్టీబీయే, అంటే రంగుతో కాకుండా పేరుతో మందం చెప్పే ఫైలు. స్టైల్‌కి పేరు పెడతాం, లేయర్‌కి తగిలిస్తాం, రంగు మన కంటికి నచ్చింది పెట్టుకుంటాం. ఇండియాలో ఇంకా సీటీబీ పట్టుకుని వేలాడుతున్నారు.

ప్లాట్‌బాబు:
వేలాడటం కాదు గురూ. బయటినుంచి వచ్చే ఫైళ్లన్నీ సీటీబీలోనే వస్తాయి. ఆర్కిటెక్ట్ ఫైలు సీటీబీ, ఎలక్ట్రికల్ వాళ్లది సీటీబీ, మధ్యలో నువ్వొక్కడివి ఎస్టీబీ పంపితే ప్లాట్ (ప్రింట్) లిస్టులో మా సీటీబీ ఫైలు పేరే కనిపించదు. కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్ కొట్టి వెనక్కి తిప్పుకోవాలి, నువ్వు ఇచ్చిన పేర్లన్నీ గల్లంతు. దోహాలో ఒకే ఆఫీసు అన్నీ చేస్తుంది కాబట్టి నడుస్తోంది.

దోహాడ్రాఫ్టర్:
నాకు చెప్పొద్దు. మాకు పన్నెండు దేశాల నుంచి ఫైళ్లు వస్తాయి.

ప్లాట్‌బాబు:
మరి ఆ పన్నెండు దేశాల వాళ్లనీ ఇక్కడికి తీసుకురా, అడుగుదాం.

అటకమీదప్లాన్లు:
మీ ఇద్దరూ తర్వాత కొట్టుకోండి. గోదారిగీత గారూ, మీ పీడీఎఫ్ కాగితం మీద కొట్టి చూశారా, స్క్రీన్ మీదే చూశారా? అక్రోబాట్ రీడర్‌లో ప్రిఫరెన్సెస్, పేజ్ డిస్‌ప్లేలో 'ఎన్‌హాన్స్ థిన్ లైన్స్' అని ఒక టిక్ ఉంటుంది. అది ఉంటే సన్న గీతలన్నీ లావుగా చూపిస్తుంది, షీట్ మొత్తం ఒకే మందంలా అనిపిస్తుంది. టిక్ తీసి మళ్లీ చూడండి. ఆటోక్యాడ్ మోడల్ స్పేస్‌లో కనిపించే మందాన్ని కూడా నమ్మకండి. అది పిక్సెళ్ల లెక్క, 0.25, అంతకన్నా తక్కువ ఏదైనా ఒకే పిక్సెల్‌గా చూపిస్తుంది. ఎంత జూమ్ చేసినా మారదు. అసలు మందం చూడాలంటే లేఅవుట్‌లోనో ప్లాట్ ప్రివ్యూలోనో చూడాలి.
నేను ఇళ్ల ప్లాన్లు వేస్తాను. ఇక్కడ క్లయింట్లంతా అడుగులు అంగుళాలే. "అంగుళానికి 8 అడుగులు" అంటే 1:96. మున్సిపాలిటీకి ఇచ్చేది 1:100. రెండూ ఒకటేలే అనుకుని ఒకే లేఅవుట్‌లో కొట్టేవాళ్లని చూశాను. స్కేలు పెట్టి కొలిస్తే గది అంగుళాల్లో తేడా వస్తుంది, క్లయింట్ మీ మీద పడతాడు.

మెకానికల్‌మామ:
మీ సివిల్ వాళ్లకి ఇన్ని మందాలు ఎందుకండీ? మా దగ్గర రెండే: కనిపించే అంచుకి లావు, మిగతా అన్నిటికీ సన్నం, నిష్పత్తి 2:1కి తగ్గకుండా. కాలేజీలో ఎస్‌పీ 46 పుస్తకం (ఇంజనీరింగ్ డ్రాయింగ్ పద్ధతుల ప్రామాణిక పుస్తకం) చదివిన ఎవరికైనా తెలిసిందే. 0.50, 0.25 పెట్టుకోండి, హాయిగా నిద్రపోండి.

రాపిడోగ్రాఫ్60:
మెషిన్ పార్టుకి రెండు చాలు. ప్లాన్‌లో కోసిన గోడ, కనిపించే మెట్టు, పైన ఉన్న బీమ్, గ్రిడ్ గీత, హ్యాచ్ (కాంక్రీటు, ఇటుక అని తెలిసేలా లోపల నింపే గీతలు) అన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండు మందాలతో గీసి చూపించండి, చూస్తాను.

మెకానికల్‌మామ:
అసెంబ్లీ డ్రాయింగ్ ఎప్పుడైనా చూశారా మీరు?

సైట్‌లోనేఉన్నా:
హ్యాచ్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా దగ్గరకొచ్చిన ఏ3లో కాంక్రీటు, ఇటుక రెండూ నల్లటి ముద్దలే. మధ్యలో రాసిన డైమెన్షన్ దానిలో మునిగిపోయింది. ఎందుకలా వస్తుంది?

అటకమీదప్లాన్లు:
ఏ1 లేఅవుట్‌ని 'ఫిట్ టు పేపర్' పెట్టి ఏ3కి కొట్టారు. హ్యాచ్ గీతల మధ్య దూరం సగమైంది, గీతల మందం మాత్రం అలాగే ఉండిపోయింది. ప్లాట్ బాక్స్‌లో 'స్కేల్ లైన్‌వెయిట్స్' టిక్ పెడితే మందం కూడా సగమవుతుంది, ముద్ద కాదు. కానీ అప్పుడు 0.18 గీత 0.09 అవుతుంది, జిరాక్స్‌లో ఆనవాలు ఉండదు. అందుకే నేను హ్యాచ్‌కి బూడిద రంగు, అంటే స్క్రీనింగ్ 50 శాతం పెడతాను. టెక్స్ట్ వెనక బ్యాక్‌గ్రౌండ్ మాస్క్ (అక్షరాల వెనక గీతల్ని కప్పేది) ఆన్ చేస్తాను. జిరాక్స్‌లో కూడా అంకె బయటికి కనిపిస్తుంది.

ప్లాట్‌బాబు:
బూడిద రంగు జిరాక్స్‌లో మచ్చలు మచ్చలుగా వస్తుంది. వాడి చూశాను.

అటకమీదప్లాన్లు:
టోనర్ ఉన్న మెషిన్‌లో తీయించండి.

గోదారిగీత:
సీటీబీలో నిజంగానే అన్నిటికీ 0.25 ఉంది. మార్చాను, మందాలు వస్తున్నాయి. థాంక్యూ ప్లాట్‌బాబు గారూ. టెక్స్ట్ సంగతి, డాటెడ్ గీతల సంగతి ఎవరూ చెప్పలేదు. డైమెన్షన్ స్టైల్‌లో టెక్స్ట్ హైట్ ఎంత మార్చినా అసలు కదలడం లేదు.

దోహాడ్రాఫ్టర్:
మీ టెక్స్ట్ స్టైల్‌లో హైట్ సున్నా కాకుండా ఏదో అంకె ఉంది. అది ఉన్నంతవరకూ డైమెన్షన్ స్టైల్ మాట వినదు. స్టైల్ కమాండ్‌లో హైట్ 0 చేయండి. ఇక రెండు స్కేళ్ల సమస్యకి యానోటేటివ్ (స్కేలుని బట్టి టెక్స్ట్ సైజు తనే సర్దుకునే సౌకర్యం) వాడండి. 2008 వెర్షన్ నుంచీ ఉంది. కాగితం మీద 2.5 కావాలంటే 2.5 అని ఇస్తే చాలు, 1:100 వ్యూపోర్ట్‌లో (షీట్ మీద డ్రాయింగ్‌ని చూపించే కిటికీ) 250గా, 1:25లో 62.5గా అదే లెక్కేసుకుంటుంది. వ్యూపోర్ట్ స్కేలు మాత్రం లిస్టులోంచి పెట్టాలి. చేత్తో జూమ్ చేసి వదిలేస్తే టెక్స్ట్ లెక్క తప్పుతుంది, తర్వాత ఇక్కడికొచ్చి ఏడుస్తారు.

ప్లాట్‌బాబు:
యానోటేటివ్‌ని నమ్మకండి. ఎవడో కాపీ పేస్ట్ చేసిన ఫైలు వల్ల స్కేల్ లిస్టు వందల్లోకి పెరిగిపోతుంది, ఫైలు నత్తనడక. మేము డైమెన్షన్లన్నీ పేపర్ స్పేస్‌లోనే (అంటే లేఅవుట్‌లోనే) ఇస్తాం. ఒకే సైజు, గోల లేదు.

దోహాడ్రాఫ్టర్:
స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌లో రీసెట్ బటన్ ఉంది బాబూ. వాడటం రాకపోతే టూల్‌ది తప్పా?

గుంటూరుగ్రిడ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేస్త్రి కోసం షీట్ మీద తెలుగులో నోట్స్ రాయమన్నారు. రాస్తే అన్నీ ప్రశ్నార్థకాలే వస్తున్నాయి.

రాపిడోగ్రాఫ్60:
ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటుకి తెలుగు రాదు. గౌతమి లాంటి యూనికోడ్ ట్రూటైప్ ఫాంటుతో వేరే స్టైల్ చేసుకో. డీటీపీ వాళ్లిచ్చిన అను ఫాంట్స్ మాత్రం వద్దు, అవతలి వాడి సిస్టమ్‌లో ఆ ఫాంటు లేకపోతే పిచ్చి గీతలు వస్తాయి. ఇంకోటి, తెలుగుకి 2.5 ఎత్తు చాలదు. ఒత్తులూ గుణింతాలూ ఉన్నాయి, కనీసం 3.5 పెట్టు, ఏ3కి పోయేదైతే 5. మేస్త్రికి చదవడం కోసమే కదా రాసేది.

సైట్‌లోనేఉన్నా:
ఇప్పుడు నా మాటకొచ్చారు.

అటకమీదప్లాన్లు:
గోదారిగీత గారి డాటెడ్ గీత అలాగే ఉండిపోయింది. మోడల్‌లో కనబడటం కోసం ఎల్‌టీస్కేల్ (డాటెడ్ గీతల ముక్కల పొడవుని పెంచే అంకె) 50 లేదా 100 పెట్టి ఉంటారు. లేఅవుట్‌లో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1గా ఉంటే ఆ ముక్క పొడవు కాగితం లెక్కన తీసుకుంటుంది. హిడెన్ అనే డాటెడ్ గీతలో ఒక ముక్క 6.35 ఎంఎం. దాన్ని 50తో గుణిస్తే 317 ఎంఎం పైనే, ఇక మీ బీమ్ మొత్తం ఒకే ముక్క. ఎల్‌టీస్కేల్ 1 చేయండి, పీఎస్‌ఎల్‌టీస్కేల్, ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ (మోడల్‌లో అదే పని చేసేది) రెండూ 1 ఉంచండి, యానోటేషన్ స్కేలు సరిగ్గా పెట్టి రీజెన్‌ఆల్ (డ్రాయింగ్ అంతా మళ్లీ గీసి చూపించే కమాండ్) కొట్టండి.

గోదారిగీత:
రీజెన్‌ఆల్ కొట్టాక వచ్చాయి. ఏ3కి వేరే లేఅవుట్ చేస్తానంటే మా సార్ ఒప్పుకోలేదు. ఏ1లోనే టెక్స్ట్ 5, సన్న గీత 0.35 చేయమన్నారు, కుదిస్తే 2.5, 0.18 అవుతాయని. కానీ షెడ్యూల్ టేబుల్ షీట్‌లో పట్టడం లేదు, బీమ్ సెక్షన్లు ఇంకో షీట్‌కి తోయాలి.

ప్లాట్‌బాబు:
తోయండి, కానీ మధ్యలో కొత్త షీట్ దూర్చి నంబర్లు మార్చకండి. చివర్లో పెట్టండి. సైట్‌లో పాత నంబర్‌తో ఇప్పటికే జిరాక్సులు తిరుగుతుంటాయి.

సైట్‌లోనేఉన్నా:
రివిజన్ నంబర్ కూడా పెద్దగా వేయమనండి. టైటిల్ బ్లాక్‌లో దాన్ని 1.8లో రాస్తున్నారు అందరూ.