సుజౌలో ఆఫీసు విందు: శాకాహారిని, మద్యం తాగను, ఏమేం తెలిసుండాలి?

ప్రశ్న (సుజౌ_కొత్త):
అందరికీ నమస్కారం. చైనాలోని సుజౌలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఈ శుక్రవారం మా మేనేజర్ టీమ్ మొత్తానికీ రెస్టారెంట్‌లో విందు ఇస్తున్నారు. ఆదివారం ఒక చైనీస్ సహోద్యోగి భోజనానికి ఇంటికి పిలిచారు. గుడ్డు తింటాను, మాంసం, చేప తినను. మద్యం అలవాటు లేదు. ఎక్కడ కూర్చోవాలి, ఎలా వద్దనాలి, ఇంటికి ఏం పట్టుకెళ్లాలి?

జవాబు (నింగ్బో_వాసి):
ముందు కుర్చీ సంగతి. గదిలోకి వెళ్లగానే ఖాళీ కనబడింది కదా అని కూర్చోకండి. గుండ్రటి బల్ల చుట్టూ తలుపుకి ఎదురుగా ఉండేది పెద్ద స్థానం. సాధారణంగా అక్కడ విందు ఇచ్చేవారు కూర్చుంటారు, ముఖ్య అతిథి వారి కుడి పక్కన. తలుపుకి దగ్గరి కుర్చీలు చిన్నవాళ్లవి. కొత్తవారు కాబట్టి ఎవరైనా చూపించేదాకా నిలబడే ఉండండి.

మధ్యలో తిరిగే అద్దం పలక మీద కొత్త వంటకం రాగానే దాన్ని ముఖ్య అతిథి ముందుకి తిప్పుతారు. వారు తీసుకున్నాకే మిగతావాళ్లు. ఇంకొకరు వడ్డించుకుంటుండగా పలక తిప్పకూడదు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పోయినవాళ్లకి అన్నంలో అగరుబత్తి గుచ్చి పెట్టినట్టుంటుంది, పెద్దవాళ్లు నిజంగా నొచ్చుకుంటారు.

ఇక మద్యం. విందుల్లో పోసే చైనా సారా పేరు బైజియు. చాలావాటిలో ఆల్కహాల్ 50 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. తాగనని మొదటి గ్లాసు పోసేముందే చెప్పాలి. అందరూ చేసే తప్పు ఏంటంటే, మొహమాటానికి ఒకరితో ఒక్క గుక్క తాగడం. ఆ తర్వాత రెండోవారిని కాదంటే వారిని చిన్నబుచ్చినట్టవుతుంది. అందుకే టీ కప్పు పట్టుకుని ‘యీ చా దయ్ జియు’ అనండి, మద్యానికి బదులు టీతో అని. అది ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. మేనేజర్ మొదట గ్లాసెత్తేదాకా ఆగండి. తర్వాత మీరే లేచి వారి దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో కప్పు పట్టుకుని, దాని అంచు వారి గ్లాసు అంచు కంటే కిందుగా ఉండేలా తాకించండి. బిల్లు కోసం ఫోన్ తీయకండి, పిలిచినవారే కడతారు.

జవాబు (వంటింటి_సంగతులు):
అసలు చిక్కు తిండి దగ్గరే. ‘మాంసం వద్దు’ అంటే చాలామంది వంటవాళ్లకి ముక్కలు వద్దని మాత్రమే అర్థం. కూర పంది కొవ్వుతో వేగవచ్చు, సూప్ ఎముకల రసంతో కాగవచ్చు, ఆకుకూరలో ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పలతో చేసేది) పడవచ్చు. మాపో టోఫు (సోయా పనీర్ కూర), వేపిన బీన్స్, సిచువాన్ పద్ధతి వంకాయ కూరల పేర్లు వింటే శాకాహారమనిపిస్తుంది, కానీ మామూలుగా మూడింట్లోనూ ఖీమా వేస్తారు.

విందుకి ఒక రోజు ముందే, ఎవరు ఆర్డర్ ఇస్తారో వారికి వీచాట్‌లో (ఇక్కడి మెసేజ్ యాప్) చైనీస్‌లో రాసి పంపండి: మాంసం, చేప, రొయ్య, ఎముకల రసం, పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్ వద్దు, గుడ్డు ఫర్వాలేదు. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే విందు ఇచ్చినవారు ఇబ్బంది పడతారు. కొంచెం నమ్మదగ్గవి: టమోటా గుడ్డు కూర, పుల్లకారం బంగాళదుంప తురుము, తిసాన్‌షియన్ (వంకాయ, ఆలూ, క్యాప్సికం కలిపి వేయించేది).

ఇంకొకటి, చాలామంది మన పిల్లలు పంది మాంసం ఉండదని ముస్లింలు నడిపే లాన్‌జౌ నూడుల్స్ హోటళ్లకి వెళ్తారు. అక్కడ రసమంతా గొడ్డు మాంసంతోనే కాస్తారు. ఏ ఊళ్లో ఉన్నా పూర్తి శాకాహారానికి బౌద్ధ శాకాహార హోటళ్లే నయం.

జవాబు (జినాన్_నుంచి):
నింగ్బో_వాసి గారు చెప్పింది సుజౌకి సరిపోతుంది. మా జినాన్ ఉన్న షాన్‌డాంగ్ రాష్ట్రంలో అయితే రెండో ఆతిథేయి కూడా ఉంటారు, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంటారు. ఇక్కడ మద్యం ఒత్తిడి కూడా చాలా ఎక్కువ. ఇక్కడికి బదిలీ అయితే ఇది గుర్తుంచుకోండి.

ఇంటికి వెళ్లేటప్పుడు: పళ్ల పెట్టె మంచిది, యాపిల్స్ కానీ కమలాలు కానీ. మన జీడిపప్పు, టీ పొడి ప్యాకెట్లు అయినా సరే, రెండేసి ఇవ్వండి. గడియారం, గొడుగు, పియర్ పళ్లు, తెల్ల కాగితం చుట్టిన కానుకలు, తెల్ల చామంతులు వద్దు. మొదట ఒకటి రెండుసార్లు వద్దంటారు, అది మర్యాద. మళ్లీ ఇవ్వండి. మీ ముందు విప్పకపోతే నచ్చలేదని అనుకోకండి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వాళ్లిచ్చిన స్లిప్పర్స్ వేసుకోవాలి, అందుకే శుభ్రమైన సాక్సులతో వెళ్లండి. ప్లేటు ఖాళీ అయిన ప్రతిసారీ మళ్లీ వడ్డిస్తారు. చాలనుకున్నప్పుడు కూర కొంచెం మిగల్చండి, గిన్నెలో అన్నం మాత్రం పూర్తి చేయండి.

సుజౌ_కొత్త:
చాలా థ్యాంక్స్ అండీ. మేనేజర్‌కి ఇప్పుడే రాసి పంపాను. వాళ్లింట్లో ఐదేళ్ల పాప ఉంది, ఎర్ర కవరులో డబ్బు పెట్టి ఇవ్వాలా?

జినాన్_నుంచి:
ఇప్పుడు అక్కర్లేదు, పాపకి రంగు పెన్సిళ్లో బొమ్మో చాలు. వసంత పండగప్పుడు (చైనీస్ కొత్త సంవత్సరం) వెళ్తే ఇవ్వండి: కొత్త నోట్లు, సరి సంఖ్యలో, 4 అంకె లేకుండా. దగ్గరి స్నేహం లేకపోతే 100 లేదా 200 యువాన్లు. వీచాట్‌లో పంపితే మామూలుగా ఒక్కో కవరుకి 200 వరకే కుదురుతుంది.