ఉచిత వెబ్ కోర్సు పూర్తయింది, సొంతంగా పేజీ రాయడం మాత్రం రావట్లేదు. ఈ కోర్సులతో బేసిక్స్ నిజంగా వస్తాయా?

కొత్తపలక:
వెబ్ పేజీ రాసే హెచ్‌టీఎంఎల్, దాని రూపం దిద్దే సీఎస్‌ఎస్ బేసిక్స్ నేర్పే ఉచిత ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేశాను. ప్రతి పాఠానికీ పచ్చ టిక్ పడింది, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. సొంతంగా పేజీ చేద్దామని నోట్‌ప్యాడ్ తెరిస్తే మొదటి లైను ఏం రాయాలో తోచలేదు. కోర్సులో పేజీకి చట్రంలా ఉండే డాక్‌టైప్, హెడ్, బాడీ అన్నీ ముందే రాసి ఉండేవి, మధ్యలో కోణపు బ్రాకెట్లలో రాసే ఒక ట్యాగ్ పెడితే పని అయిపోయేది. ఎలాగో అక్కడా ఇక్కడా చూసి రాస్తే తెలుగు అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి. డబ్బు కట్టి ఎక్కడైనా చేరమంటారా?

దీపస్తంభం:
మీ అనుభవమే జవాబు. ఆ కోర్సుల్లో బ్రౌజర్ లోపలే ఒక పెట్టె ఇస్తారు, అందులో రాస్తే పక్కన పేజీ కనిపిస్తుంది. ఫైలు ఎక్కడుంది, ఫోల్డర్ ఏది, సర్వర్‌కి ఎలా వెళ్తుంది, ఇవేవీ తెలియవు. మా దగ్గర చేరిన కుర్రాడు ఒకడు ఇమేజ్ ట్యాగ్‌లో తన కంప్యూటర్ సీ డ్రైవ్ దారి మొత్తం రాశాడు. వాడికి బొమ్మ కనిపిస్తుంది, మిగతా ఎవరికీ కనిపించదు. ఎందుకో వాడికి అర్థం కాలేదు, ఎందుకంటే పెట్టెలో ఆ ప్రశ్నే రాదు. ఇంకోసారి ఫైలు పేరులో పెద్ద అక్షరం, కోడ్‌లో చిన్న అక్షరం. విండోస్‌లో నడిచింది, లినక్స్ సర్వర్‌లో బొమ్మ మాయం. బేసిక్స్ అంటే ఇవండీ.

ఆకుపచ్చ:
కొత్తపలక గారూ, హెడ్ మొదట్లోనే, అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజర్‌కి చెప్పే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 లైను పెట్టండి. అది ఫైలు మొదటి 1024 బైట్లలో ఉండాలి. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ కూడా యూటీఎఫ్-8 ఎంచుకోండి.

నిప్పురవ్వ:
దీపస్తంభం గారూ, ఫోల్డర్ తెలియకపోవడం కోర్సు తప్పు ఎలా అవుతుంది? అది ఒక పూటలో తెలిసిపోయే విషయం. వెబ్ పెరిగిందే ఉచితంగా ఇవ్వడం వల్ల. 1993 ఏప్రిల్‌లో, వెబ్ పుట్టిన పరిశోధన సంస్థ సెర్న్ దాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. 1991లో వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ట్యాగుల గురించి రాసిన మొదటి పత్రంలో ఉన్నవి 18 మాత్రమే. అలాంటి చదువుకి ఫీజు కట్టమనడం అన్యాయం. వెబ్ గురించి వివరించే ఎండీఎన్ సైట్‌లో వ్యాసాలు ఉచితం, కోడింగ్ నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్ 2014 నుంచి ఉచితం. కూర్చుని చదివేవాడికి ఇంకేం కావాలి?

దీపస్తంభం:
టిక్ ఎలా పడుతుందో చూశారా? ఒక కోర్సులో ఫారం పాఠం ఉంది. డివ్‌కి, అంటే సొంత అర్థమేమీ లేని ఉత్త పెట్టె ట్యాగ్‌కి, రంగు వేసి, మూలలు గుండ్రం చేసి, దాన్ని బటన్ అన్నా పచ్చ టిక్ పడుతుంది. ఎందుకంటే ఆ పరీక్ష చూసేది లోపలి అక్షరాలు, రంగు మాత్రమే. డివ్‌కి ట్యాబ్ కీతో వెళ్లలేం, ఎంటర్ నొక్కితే పలకదు, చూపులేనివాళ్లకి తెరని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. అసలైన బటన్ ట్యాగ్ రాస్తే ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. ఒక్క ట్యాగ్ తేడా.

నిప్పురవ్వ:
మొదటి పాఠాల్లోనే స్క్రీన్ రీడర్ గురించి చెబితే సగం మంది మానేస్తారు. ముందు ఏదో ఒకటి తెరమీద కనిపించాలి, అప్పుడే ఉత్సాహం వస్తుంది. తర్వాత సరిచేసుకుంటారు.

దీపస్తంభం:
సరిచేసుకోరు. టిక్ పడ్డాక వెనక్కి చూసేవాడు లేడు.

ఆకుపచ్చ:
బటన్ మీదే ఎంతసేపు అన్నా? అడిగినాయన ఖాళీ ఫైలు గురించి కదా అడిగింది.

నిప్పురవ్వ:
నాకెందుకు మండుతుందో చెబుతాను. నేను అప్పు చేసి ఒక శిక్షణ సంస్థలో చేరాను. వీడియోలు పెట్టి వెళ్లిపోయేవారు. నోట్సులో ఫాంట్ ట్యాగ్, సెంటర్ ట్యాగ్, పేజీ మొత్తం టేబుల్ గళ్లలో. ఆ రెండు ట్యాగులూ వద్దని 1997లో హెచ్‌టీఎంఎల్ 4లోనే చెప్పారు! పేజీలో భాగాల్ని అమర్చే ఫ్లెక్స్‌బాక్స్ ఏంటని అడిగితే సిలబస్‌లో లేదన్నారు. వాళ్లు ఎగ్గొట్టిన పాఠం ఉచిత కోర్సే నేర్పింది. అందుకే ఎవరైనా ఉచిత కోర్సుని తక్కువ చేస్తే నేను ఊరుకోను.

దీపస్తంభం:
ఫీజు కట్టమని నేను ఎక్కడన్నాను? పైన నా మాటల్లో చూపించండి. రాసినదాన్ని ఒక మనిషి చూడాలి అన్నదే నా మాట. మేము చేసిన సైట్‌లో ఫారం పంపలేకపోతున్నానని చూపులేని ఒక వ్యక్తి ఉత్తరం రాశారు. చూస్తే అక్కడ ఉన్నది డివ్ బటన్. దాన్ని చేసినవాడికి సర్టిఫికెట్ ఉంది. ఆ ఉత్తరానికి జవాబు రాసింది నేను. మీరు చిన్న విషయం అంటే నాకు కోపం రాదా?

నిప్పురవ్వ:
మనిషి చూడాలి అంటున్నారు. ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు? దొరకనివాళ్లే ఈ కోర్సులకి వస్తారు. పరీక్ష తప్పని మీకు తెలుసు, కోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ అయితే వాళ్లకి చెప్పారా?

దీపస్తంభం:
చెప్పాను. బిగినర్లకు ఇది చాలు అని నా ఫిర్యాదు మూసేశారు.

నిప్పురవ్వ:
ఆ మాట మాత్రం తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ మనిషి లేకుండా నేర్చుకోలేరన్న మీ మాటా తప్పే. నేను అలాగే నేర్చుకున్నాను. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, ఇన్‌స్పెక్ట్‌లో ఒక్కో రూలూ ఆపి చూసి, పెట్టె బయటి ఖాళీ మార్జిన్ ఎక్కడ, లోపలి ఖాళీ ప్యాడింగ్ ఎక్కడ అని వెతుక్కుని నేర్చుకున్నాను. కోడ్‌లో తప్పులు వెతికే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో వేస్తే మూయని ట్యాగ్ ఏ లైనులో ఉందో అదే చెబుతుంది.

దీపస్తంభం:
వాలిడేటర్ డివ్‌ని తప్పనదు. కోడ్ వ్యాకరణం సరిగ్గా ఉందా అనే చూస్తుంది.

కొత్తపలక:
చార్‌సెట్ పెట్టాక అక్షరాలు సరయ్యాయి, థాంక్స్ ఆకుపచ్చ గారూ. డాక్‌టైప్ నుంచి చూడకుండా రెండుసార్లు రాశాను, ఇప్పుడు చెయ్యి ఆడుతోంది. ఫారంలో పేరు అని పైన రాసి కింద ఇన్‌పుట్ పెట్టాను, బటన్‌కి బటన్ ట్యాగే వాడాను. ఫోన్‌లో చూస్తే మాత్రం పేజీ అంతా చీమల్లా కనిపిస్తోంది. ఎవరైనా చూసి చెబుతారా?

నిప్పురవ్వ:
పేజీని ఫోన్ వెడల్పుకి సరిపెట్టే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేదు. విడ్త్ ఈక్వల్స్ డివైస్ విడ్త్ అని హెడ్‌లో పెట్టండి.

దీపస్తంభం:
ఆ పేరు అన్న మాటని లేబుల్ ట్యాగ్‌లో పెట్టి, ఫర్‌లో ఇన్‌పుట్ ఐడీ ఇవ్వండి. పెట్టాక మాట మీద క్లిక్ చేయండి, కర్సర్ పెట్టెలోకి రావాలి. రాకపోతే ఐడీ తేడాగా ఉన్నట్టు. కోడ్ మొత్తం ఇక్కడ పెట్టండి, రాత్రికి చూస్తాను.